టిమ్ హార్టన్ జీవితము

మనుష్యుడు గతించిన పిమ్మట వాని పేరు రెండు విధములుగ నిలుచుచుండును. కొందఱి పేరులను వారు చేసిన కార్యములతో గూడ జనులు జ్ఞప్తియందుంచుకొందురు. మఱికొందఱి పేరులు దినదినము జనుల నాలుకలపై మెలగుచునే యుండును గాని, ఆ పేరుగల మనుష్యుడెవడో, ఎట్లు జీవించెనో, ఎట్లు మరణించెనో ఆ పేరు పలుకువారిలో పెక్కండ్రకు తెలియదు. కెనడాదేశమున టిమ్ హార్టన్ అను పేరు ఈ రెండవ తెగకు చెందినది. అచ్చట మంచు గురియు ప్రాతఃకాలమున కర్మాగారమునకు పోవు పనివాడును, బిడ్డలను బడికి దింపి మరలివచ్చు తల్లియు, రాత్రికాపలా ముగించుకొని యింటికి పోవు పోలీసు భటుడును ఈ పేరు వ్రాసిన అంగడి ముందాగి వేడి కాఫీ కొనుక్కొందురు. అది యొక ఆటగాని పేరని యెఱిగినవారు గలరు, ఎఱుగనివారును గలరు.

మన తెలుగు జిల్లాలనుండి పై చదువులకై కెనడాకు పోయిన యువకులు ఈ కాఫీ అంగళ్లను బాగుగ నెఱుగుదురు. 2022వ సంవత్సరమున ఢిల్లీ పరిసరములందును ఆ పేరుగల అంగళ్లు తెఱవబడినవి. కావున ఆ పేరు వెనుకనున్న మనుష్యుని చరిత్రమును మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును సంగ్రహముగ తెలుపుట యుచితమని తలంచితిమి. ఆతడు దోషరహితుడని మేము చెప్పబోము. ముందుచూపుతో పనికి పూనుకొనుట యెట్టిదో ఆతని జీవితమునందు కనబడును. ఒక్క రాత్రి యజాగ్రత్త ఆ ముందుచూపునంతటిని ఎట్లు అసంపూర్ణము చేయగలదో అదియును అందే కనబడును. ఈ రెండింటిని కలిపి చదువవలెనని మా కోరిక.

టిమ్ హార్టన్ 1930వ సంవత్సరము జనవరి 12వ తేదీని కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు ఉత్తరభాగముననున్న కాక్రేన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి రైలుమార్గపు యంత్రములను బాగుచేయు పనివాడు. శిశువునకు పెట్టబడిన పేరు మైల్స్ గిల్బర్ట్. కాని తల్లి ఆతనిని టిమ్ అని పిలుచుచుండుటచే ఆ ముద్దుపేరే స్థిరపడెను. తల్లి నోట వెలువడిన ఆ చిన్న పేరు ముందొకనాడు వేలకొలది అంగళ్ల నెత్తిపై వెలుగునని ఆ యింట నెవరును కలనైన తలంచియుండరు.

ఆ ప్రాంతమున శీతకాలము దీర్ఘమైనది. చెఱువులును ఏఱులును గడ్డకట్టి రాతినేలవలె గట్టిపడును. మన పిల్లలు వీథిలో గోలీలాడినట్లు అచ్చటి పిల్లలు ఆ మంచుపై హాకీ ఆడుదురు. ఈ హాకీ మన మైదానములందాడు హాకీ కాదు. ఆటగాండ్రు ఇనుప అంచుగల పాదరక్షలు తొడిగికొని మంచుపై జారుచు పోవుదురు. బంతికి బదులు రబ్బరుతో చేసిన చదునైన బిళ్ల యుండును. ఒక్కొక్క జట్టున గోలు కాపరితో గూడ ఆరుగురు ఒక్కసారిగ ఆడుదురు. వేగమధికము, ఒండొరులను భుజములతో త్రోసికొనుటకు ఆటనియమములే యంగీకరించును. దెబ్బలు తప్పవు. ఈ యాటయందు టిమ్ చిన్ననాటనే ఆసక్తుడయ్యెను.

ఆతని కుటుంబము కొంతకాలము క్విబెక్ రాష్ట్రములోని డుపార్కే అను గనుల యూరనుండి, మరల కాక్రేన్ చేరి, 1945లో నికెలు గనులకు ప్రసిద్ధికెక్కిన సడ్‌బరి పట్టణమునకు వచ్చెను. అచ్చట ఆతని యాటను చూచినవారు ఆతని శరీరబలమునకు అచ్చెరువొందిరి. 1947లో టొరంటో నగరములోని సెయింట్ మైకేల్స్ కళాశాల పాఠశాలయందు ఆతనికి స్థానము దొరకెను. అది రోమను కతోలిక మతగురువులు నడపు పాఠశాల. అందు చదువుతోబాటు హాకీయును శ్రద్ధగ నేర్పబడుచుండెను. ఆ దేశపు గొప్ప ఆటగాండ్రలో పలువురు ఆ పాఠశాలనుండి వచ్చినవారే. చదువును ఆటయు ఒకదానికొకటి శత్రువులని తలంచు తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురుగాక.

1949లో హార్టన్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు జట్టులో జీతమునకు కుదిరెను. అది పెద్ద జట్టులలోనికి పోవుటకు ముందు తరిఫీదు పొందెడి స్థానము. మూడు సంవత్సరములు అచ్చట ఓపికతో పనిచేసి, 1952లో టొరంటో మేపుల్ లీఫ్స్ అను ప్రఖ్యాతమైన జట్టులో స్థిరస్థానము సంపాదించెను. ఆ సంవత్సరమే లోరి యను యువతిని వివాహమాడెను. ఆ దంపతులకు నలుగురు కుమార్తెలు కలిగిరి.

ఆతడు జట్టున రక్షకస్థానమునందు ఆడెడివాడు. శత్రుపక్షము తన గోలువైపు రాకుండ అడ్డుకొనుట ఆతని పని. గోళ్లు కొట్టువారికి వచ్చు కీర్తి ఈ స్థానమువారికి రాదు. ఆతని బలము అసాధారణము. అయినను దానిని క్రౌర్యమునకు వినియోగింపలేదని తోటివారందఱు ఒప్పుకొనిరి. మంచుపై పోట్లాట రేగినపుడు ప్రత్యర్థిని పిడికిళ్లతో గొట్టుటకు బదులు, ఎలుగుబంటు పట్టుకొన్నట్లు రెండు చేతులతో బిగియ గౌగిలించి కదలకుండ నిలుపుట ఆతని పద్ధతి. మఱియొక విశేషమేమన, ఆతనికి దూరపు వస్తువులు సరిగ కానవచ్చెడివి కావు. ఆటలేని వేళల దళసరి కన్నద్దములు ధరించెడివాడు. అందుకై చెలికాండ్రు ఆతనిని పరిహసించుచుండిరి.

1955వ సంవత్సరము మార్చి మాసమున న్యూయార్కు జట్టుతో ఆడుచుండగా, బిల్ గాడ్స్‌బీ యను ఆటగాడు తగిలిన దెబ్బకు హార్టన్ కాలును దవడయు విఱిగెను. మరుసటి యాటకాలమునందు బహుదినములు ఆతడు మంచుపై కాలు మోపలేకపోయెను. అప్పటికాతని వయస్సు 25 సంవత్సరములు. ఇంట భార్య, పసిబిడ్డలు. తన దేహబలమే తన జీవనాధారము. ఆ దేహము ఒక్క క్షణమున విఱుగగలదని ఆతనికి ప్రత్యక్షముగ తెలిసెను.

ఇచ్చట ఆ కాలపు ఆటగాండ్ర స్థితిని గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. ఈనాడు ఆటలవలన కోట్లు గడించువారిని చూచి, పూర్వమును అట్లేయుండెనని మన బాలురు తలంచకుందురుగాక. నాడు ఉత్తర అమెరికాయందలి నేషనల్ హాకీ లీగ్‌లో ఆరు జట్టులు మాత్రమే యుండెను. ఆటగాడు ఏ జట్టునకు చెందియున్న ఆ జట్టు యజమాను లిచ్చినదే జీతము. అందుచేత పేరుపొందిన ఆటగాండ్రు సైతము వేసవికాలమున వేఱు పనులు చేసికొని సంసారమీదుచుండిరి. ఆట ముగిసిన పిమ్మట ఏమి చేయుదుమన్న ప్రశ్న వారి నందఱిని బాధించుచునే యుండెను. కన్నులకు దూరపుచూపు కొఱవడినను ఈ విషయమున హార్టన్ దూరదృష్టి గలవాడు. ఆటలో పేరున్నప్పుడే ఆటతో సంబంధములేని జీవనోపాధి నొకదానిని కుదుర్చుకొనవలెనని ఆతడు నిశ్చయించుకొనెను.

నిశ్చయము వెంటనే ఫలించినది కాదు. ఆతడు మోటారుకార్ల వర్తకమునందు ప్రవేశించెను, అది నిలువలేదు. రొట్టె నడుమ మాంసపుబిళ్ల పెట్టి యమ్ము హాంబర్గర్ అంగళ్లను తెఱచెను. వానివలనను చెప్పదగిన లాభము రాలేదు. ఒకటి పోయినంతమాత్రమున ప్రయత్నము మానక, మఱియొకదానిని వెదకుచు పోవుటయే ఆతని స్వభావము. అట్టి సమయమున జిమ్ షారేడ్ అను వర్తకునితో ఆతనికి స్నేహము కుదిరెను. షారేడ్‌కు డోనట్ల వ్యాపారమున అనుభవము కలదు.

డోనట్ అనగానేమో మా చదువరులలో కొందఱికి తెలియకపోవచ్చును. మన గారెవలె నడుమ చిల్లుగలిగి, నూనెలో వేచబడు పిండివంట అది. అయితే గారెకు మినప్పిండి. డోనట్టుకు పులియబెట్టిన మెత్తని గోధుమపిండి. గారెకు కారము, అల్లము. డోనట్టుకు చక్కెర పాకపు పూత. చలిదేశమున వేడి కాఫీతో గూడ దీనిని భుజించుట జనులకు మిక్కిలి ప్రీతికరము.

1964వ సంవత్సరమున ఒంటారియోలోని హామిల్టన్ నగరమున, ఒట్టావా వీథియందు, టిమ్ హార్టన్ పేరుతో మొదటి డోనట్ అంగడి తెఱవబడెను. హామిల్టన్ ఉక్కు కర్మాగారముల నగరము. అచ్చటి కార్మికులు రేయింబవళ్లు వంతులచొప్పున పనిచేయుదురు. పని ముగిసినవానికిని పనికి పోవువానికిని ఏ వేళనైనను కాఫీ కావలసియుండును. అంగడిలో అమ్మబడినవి ముఖ్యముగ రెండే, కాఫీయు డోనట్టును. ఆ డోనట్లలో రెండు రకములు హార్టన్ స్వయముగ కల్పించినవని చెప్పుదురు. ఒకటి యాపిలుపండ్ల ముక్కలు చేర్చి వేచినది. మఱియొకటి ఎండుద్రాక్షలు కలిపి పాకము పూసినది. ఆ సంవత్సరమే హార్టన్ జట్టు స్టాన్లీ కప్పును వరుసగ మూడవసారి గెలుచుకొనెను. 1962, 1963, 1964 సంవత్సరములందును, మరల 1967నందును ఆ కప్పు టొరంటోకు వచ్చుటకు ఆతడును ఒక కారణము. అట్టి వీరుని పేరు చూచి జనులు అంగడిలో ప్రవేశించిరి. సరకు బాగుండుటచే మరల వచ్చిరి.

పేరు జనులను ఒక్కసారి రప్పింపగలదు గాని రెండవసారి రప్పింపజాలదు. దానికి దినదినము అంగడియందు నిలిచి పనిచేయువాడు కావలెను. హార్టన్‌కో ఆటలతోను ప్రయాణములతోను తీరిక లేదు. ఆ లోటును పూరించినవాడు రాన్ జాయిస్. ఆతడును 1930లోనే, నోవా స్కోషియా రాష్ట్రమునందలి టాటమగూష్ అను గ్రామమున బీదకుటుంబమున జన్మించెను. చిన్నతనముననే తండ్రి గతించెను. 15 ఏండ్ల ప్రాయమున ఇల్లు విడిచి పనికై హామిల్టన్ చేరి, కొంతకాలము నౌకాదళమునందును, పిమ్మట ఆ నగరపు పోలీసు శాఖయందును పనిచేసెను. 1965లో జాయిస్ హామిల్టన్‌లోని మొదటి అంగడిని తాను నడపుటకు తీసికొనెను. డోనట్ల పిండి కలుపుట మొదలు నేల తుడుచుటవఱకు సమస్తమును నేర్చుకొని, త్వరలోనే మఱి రెండు అంగళ్లను తెఱచెను. 1967లో హార్టన్, జాయిస్ లిరువురును వ్యాపారమున సమభాగస్వాములైరి. ఒకడు ప్రఖ్యాతుడు, ఒకడు అజ్ఞాతుడు. ఒకడు పేరిచ్చెను, ఒకడు దినములిచ్చెను.

వారి వ్యాపారము పెరుగుటకు కారణమైన పద్ధతిని విద్యార్థులు తెలిసికొనుట మంచిది. దానిని ఫ్రాంచైజీ యందురు. ఒక్క యజమానియే నూఱు అంగళ్లను కట్టి, నూఱింటిని తానే కాపాడుట కష్టము. అందుచే, కొంత సొమ్ము కూడబెట్టుకొని కష్టపడి పనిచేయగోరు సామాన్య కుటుంబీకుని నొకనిని ఎన్నుకొని, అంగడి నతని కప్పగింతురు. ఆతడు మొదట కొంత రుసుము చెల్లించి, పిమ్మట అమ్మకమునుబట్టి భాగమును కంపెనీకి ముట్టజెప్పును. కంపెనీవారు పేరును, వంటకముల విధానమును, శిక్షణను, సరకును సమకూర్తురు. అంగడి తనదని తలంచువాడు నౌకరుకంటె శ్రద్ధగ పనిచేయును. ఆ దినములలో ప్రతి యంగడియందును రొట్టెపనివాడు రాత్రియంతయు మేల్కొని డోనట్లు వేచెడివాడు. తెల్లవాఱునప్పటికి అవి వెచ్చవెచ్చగ బల్లపై నుండెడివి. కాచిన కాఫీ 20 నిమిషములు మించినచో పాఱబోసి క్రొత్తది కాయవలెనను నియమము తరువాత ఈ యంగళ్లకు గుర్తయ్యెను. కొన్ని చుక్కల కాఫీ పాఱబోయుట నష్టముగ కనబడును గాని, దానివలన కలిగిన నమ్మకము కోట్లకు సమానమయ్యెను.

వ్యాపారము పెరుగుచున్నను హార్టన్ ఆటను విడువలేదు. 1961 ఫిబ్రవరి మొదలు 1968 ఫిబ్రవరి వఱకు తన జట్టు ఆడిన 486 పోటీలలో ఒక్కదానినైన తప్పక ఆడుట ఆతని నియమబద్ధమైన జీవితమునకు నిదర్శనము. 1964, 1968, 1969 సంవత్సరములలో లీగ్ మొత్తమునందలి మేటి ఆటగాండ్ర మొదటి శ్రేణియందు ఆతడు చేర్పబడెను. 1970లో టొరంటోను విడిచి న్యూయార్కు జట్టునకును, అటుపిమ్మట పిట్స్‌బర్గ్, బఫలో జట్టులకును మాఱెను. వయస్సు 40 దాటినది. ఏటేట విరమింపదలచుటయు, ఏటేట జట్టువారు మఱికొంత యధికముగ నిత్తుమనుటచే మరల ఆడుటయు జరుగుచుండెను. 1973లో బఫలో జట్టువారు ఆతనిని ఇంకొక యేడాది యాడించుటకై, జీతముతోబాటు మిక్కిలి వేగముగ పోగల పాంతేరా యను ఇటలీ దేశపు కారు నొసంగిరి. నలుబదిమూడేండ్ల కుటుంబీకుడు దానిని బాలునివలె ముచ్చటపడి స్వీకరించెను.

1974వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీ రాత్రి బఫలో జట్టు టొరంటోలో ఆడి ఓడిపోయెను. హార్టన్ దవడ దెబ్బతో బాధపడుచునే యాడి, చివరిభాగమున ఆడలేకపోయినను, ఆనాటి మేటి ఆటగాండ్రలో నొకడుగ ఎన్నుకొనబడెను. ఆట ముగిసిన పిమ్మట జట్టు ప్రయాణించు బండిలో పోక తన కారులో బయలుదేరెను. మార్గమధ్యమున ఓక్విల్ పట్టణమునందలి తమ కార్యాలయమున ఆగి, జాయిస్‌ను కలిసికొని మాటలాడెను. పిమ్మట తెల్లవాఱకమునుపే మరల ప్రయాణమాయెను. సెయింట్ కాథరిన్స్ నగరముచెంత, క్వీన్ ఎలిజబెత్ రాజమార్గముపై, గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగమున పోవుచుండగా కారు అదుపు తప్పి బోల్తాపడెను. నడుముపట్టీ కట్టుకొనని హార్టన్ వెలుపలికి విసరివేయబడి మరణించెను. అప్పటికాతని వయస్సు 44 సంవత్సరములు.

మరణించినవాని దోషమును చెప్పుట మాకు సంతోషకరము కాదు. కాని సత్యమును దాచుట మేలు చేయదు. ఆ రాత్రి ఆతడు చట్టము అనుమతించు పరిమితికి రెండింతలు మద్యము సేవించియుండెనని శవపరీక్షా నివేదికవలన తెలిసినది. ఆ నివేదిక 2005వఱకు ప్రజలకు తెలియరాలేదు. 22 సంవత్సరములు మంచుపై వేలకొలది దెబ్బలకు ఓర్చిన దేహము మద్యమును వేగమును కలిసిన ఒక్క గంటకు ఓర్వలేకపోయెను. ఆట ముగిసిన పిమ్మట సుఖముగ జీవించుటకని పది సంవత్సరములు పెంచిన వ్యాపారము సిద్ధముగ నుండెను. దాని ననుభవించుటకు ఆతడు లేడు.

నాటికి అంగళ్లు సుమారు 40. హార్టన్ వాటా భార్యయైన లోరికి సంక్రమించెను. 1975లో జాయిస్ ఆమెకు పదిలక్షల డాలర్లిచ్చి ఆ వాటాను కొని, వ్యాపారమంతటికిని ఏకైక యజమాని యయ్యెను. నాడది గొప్ప మొత్తమే. కాని అంగళ్లు పెరిగినకొలది, తాను విడిచినదెంతయో లోరికి తెలియవచ్చెను. అమ్మకము జరిగిన దినములలో దుఃఖమువలనను, తాను వాడుచుండిన మందులవలనను తనకు సరియైన వివేచన లేకుండెనని చెప్పి, ఆమె న్యాయస్థానము నాశ్రయించెను. 1993లో వ్యాజ్యము ఆమెకు ప్రతికూలముగ తీర్పయ్యెను. 1995లో అప్పీలును కొట్టివేయబడెను. ఆమె 2000 సంవత్సరమున గతించెను. పెద్దకుమార్తె జాయిస్ కుమారుని వివాహమాడుటచే రెండు కుటుంబములు వేఱొక విధమున కలిసినవి గాని, తండ్రి స్థాపించిన సంస్థలోని భాగము తల్లి చేతికి మరల రాలేదు.

ఇచ్చట ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పుట మా పనికాదు, న్యాయస్థానము చెప్పియున్నది. ఒక్క సంగతిమాత్రము తల్లిదండ్రులకు విన్నవింతుము. ఇంటి యజమాని చేయు వ్యాపారపు విలువ ఇంటివారికి తెలియకుండుట ఎన్నడును క్షేమకరము కాదు. సంపాదించుట యెట్లు ధర్మమో, దాని లెక్కను భార్యాబిడ్డలకు తెలియజెప్పుటయు నట్లే ధర్మము.

జాయిస్ చేతిలో ఆ సంస్థ అత్యద్భుతముగ పెరిగెను. 1976లో డోనట్ పిండితో చిన్నచిన్న యుండలు చేసి టిమ్‌బిట్లు అను పేర నమ్మసాగిరి. అవి పిల్లలకు ప్రాణమయ్యెను. క్రమముగ డోనట్టుకంటె కాఫీయే ప్రధానమయ్యెను. జాయిస్ స్వయముగ విమానములో ఊరూర తిరిగి క్రొత్త స్థలములను చూచెడివాడు. 1991నాటికి అంగళ్లు 500. 1995నాటికి సుమారు 1000. అంతకుమునుపే ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపములోని మాంటేగ్ అను ఊర ఈ కాఫీ అంగడియు, అమెరికాకు చెందిన వెండీస్ అను హాంబర్గర్ అంగడియు ఒకే కప్పు క్రింద నడపబడి లాభించెను. ఉదయమున ఒకరికి గిరాకి, మధ్యాహ్నమున నింకొకరికి గిరాకి; స్థలము ఒక్కటే. ఆ యనుభవము పెద్ద సంబంధమునకు దారితీసెను. 1995లో వెండీస్ కంపెనీ సుమారు 40 కోట్ల డాలర్ల విలువగల తన వాటాలనిచ్చి టిమ్ హార్టన్స్ సంస్థను తనలో కలుపుకొనెను. దానివలన ఒకనాటి హామిల్టన్ పోలీసు భటుడు ఆ అమెరికా కంపెనీలో దాని స్థాపకునికంటెను పెద్ద వాటాదారుడయ్యెను.

చేతులు మాఱిన పిమ్మట పద్ధతులును మాఱినవి. 2003 ప్రాంతమున అంగడులందు రాత్రివేళ వేచుట మాని, బ్రాంట్‌ఫర్డ్ పట్టణములోని పెద్ద కర్మాగారమున సగము వండి గడ్డకట్టించిన డోనట్లను అంగళ్లకు పంపి, అచ్చట పూర్తిచేయు విధానము వచ్చెను. ఖర్చును శ్రమయు తగ్గెను. ఎల్లయెడల రుచి యొక్కటే యయ్యెను. పాత వాసన పోయెనని నొచ్చుకొన్నవారును గలరు. 2006లో సంస్థ వెండీస్‌నుండి విడివడి స్వతంత్రమయ్యెను. ఆ యేడే ఆఫ్ఘనిస్తానమునందలి కాందహార్‌లో కెనడా సైనికుల కొఱకు ఒక అంగడి తెఱవబడి 2011వఱకు నడచెను. యుద్ధభూమిలోని సైనికునకు స్వదేశమును జ్ఞప్తికి తెచ్చుటకు ఆ కాఫీ గిన్నె చాలియుండెను. 2014లో బర్గర్ కింగ్ సంస్థ 1100 కోట్ల అమెరికా డాలర్లకు మించిన వెలకు టిమ్ హార్టన్స్‌ను కొనెను. రెండును రెస్టారెంట్ బ్రాండ్స్ ఇంటర్నేషనల్ అను క్రొత్త కంపెనీ క్రిందికి వచ్చెను. అందు ముఖ్య వాటాదారు బ్రెజిల్ దేశీయుల పెట్టుబడి సంస్థయగు 3జీ క్యాపిటల్. పదిలక్షలకు అమ్మబడిన సగపు వాటాను, ఈ తుది వెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినయెడల, నలుబది సంవత్సరములలో ఆ చిన్న విత్తనము ఎంత వృక్షమయ్యెనో గ్రహింపవచ్చును.

అయితే ఆ వృక్షపు నీడ బొత్తిగా ధనవంతులకే పరిమితము కాలేదు. హార్టన్ మరణించిన 1974లోనే జాయిస్ ఆతని పేర బాలల ధర్మనిధిని స్థాపించెను. 1975లో ఒంటారియోలోని ప్యారీ సౌండ్ చెంత మొదటి శిబిరము తెఱవబడెను. బీదకుటుంబముల బిడ్డలు అచ్చటికి వెలలేకుండ వచ్చి, చెట్ల నడుమ, నీటి యొడ్డున కొన్ని దినములు గడపి, ఈత, పడవనడపుట మొదలగువానిని నేర్చుకొందురు. పిమ్మట ఇట్టి శిబిరములు కెనడాయందును అమెరికాయందును మఱికొన్ని వెలసెను. సంవత్సరమున కొకదినము అంగళ్లలో అమ్మిన కాఫీ సొమ్మును ఈ కార్యమున కిచ్చు ఆచారమును ఏర్పడెను. ఈ నిధిని స్థాపించిన జాయిస్ 2019లో గతించెను.

ఆటలోకమును హార్టన్‌ను మఱువలేదు. 1977లో హాకీ ప్రముఖుల మందిరమున ఆతని పేరు చేర్పబడెను. ఆతడు ధరించిన అంకెను మఱియొకరి కీయకుండ గౌరవార్థము బఫలో జట్టు 1996లోను, టొరంటో జట్టు 2016లోను నిలిపివేసెను.

ప్రియ విద్యార్థులారా! ఈ చరిత్రమునందు మీరు గ్రహింపవలసిన దేమి? బలమున్న దినములలోనే బలహీన దినముల నాలోచింపుడు, హార్టన్ అట్లాలోచించెను. రెండు ప్రయత్నములు చెడినను మూడవదానిని విడువకుడు, ఆతడు విడువలేదు. పేరొకటే చాలదు, నిత్యము పనిచేయు తోడుకూడ కావలెనని యెఱుగుడు, ఆతడు యెఱిగెను. ఇంతవఱకు ఆతని ననుసరింపుడు. ఆ తుదిరాత్రిని మాత్రము అనుసరింపకుడు. భావికాలమునకై కూడబెట్టువాడు ఈ దినమున తన ప్రాణమును కాపాడుకొనవలెను గదా. సంవత్సరములకు ముందుచూపు గలవాడయ్యు ఆతడు ఒక్క గంటకు ముందుచూపు లేనివాడయ్యెను.

మీలో ఎవరైన ఒకనాడు దూరదేశమున ఆ పేరుగల అంగడిలో కాఫీ త్రాగు నవకాశము కలిగినచో, ఆ పలకపైనున్న పేరు ఒక తల్లి తన బిడ్డను పిలిచిన పేరని ఒక్క నిమిషము తలంచుడు. ఆ బిడ్డ కష్టించినదియు, తొందరపడి కోలుపోయినదియు మీకు జ్ఞప్తికి వచ్చినయెడల మా శ్రమ ఫలించినదని సంతసింతుము.